జైలులో లాయరు కావాలనుకున్న ఆడపడుచు
దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం

రాజమండ్రిలో పుట్టి, కాకినాడలో పెరిగి, దేశానికి రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్న మహిళ దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909 జూలై 15న రామారావు, కృష్ణవేణమ్మ దంపతులకు ఆమె జన్మించారు. ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం తనకు వద్దని ఆమె చెబితే పుట్టింటివారు ఆ మాట మన్నించారు. ఆ కాలంలో అది సామాన్య విషయం కాదు.

ఇంగ్లీషులో చదువు చెప్పడాన్ని వ్యతిరేకించి పన్నెండో ఏట బడి మానేశారు. తాను హిందీ నేర్చుకుని, తోటి బాలికలకు నేర్పడానికి పాఠశాల పెట్టారు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలు కూడా ఆయన మాటలు వినాలని పట్టుబట్టారు. నిర్వాహకులు అడిగిన విరాళాన్ని ఆ స్త్రీల దగ్గరే పోగుచేసి అనుకున్నది సాధించారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఖద్దరు ప్రదర్శన దగ్గర వలంటీరుగా ఉండి, టిక్కెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే గుమ్మం దగ్గర ఆపేశారు.

జైలులో కనువిప్పు

ఉప్పు సత్యాగ్రహం మొదలైన 1930 నుంచి 1933 వరకు ఆమె మూడుసార్లు జైలుకు వెళ్లారు. మధుర జైలులో ఒంటరి కొట్టులో ఉంచారు. జైళ్లలో ఆమె కలిసిన ఆడ ఖైదీల్లో చాలామందికి అక్షరం రాదు. తమపై పెట్టిన కేసు ఏమిటో, కోర్టులో ఏం చెప్పాలో తెలియక శిక్ష అనుభవిస్తున్నవారూ ఉన్నారు. ఇలాంటివారి తరఫున నిలబడాలంటే లాయరు కావాలని ఆమె నిశ్చయించుకున్నారు.

అయితే చదువు ఆగిపోయి చాలా ఏళ్లయింది. విడుదలయ్యాక ఇంటి దగ్గరే చదివి కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష ప్యాసయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు హాస్టలు లేదని సీటుకు వెనకాడితే, పత్రికలో ప్రకటన ఇచ్చి తనలాంటి విద్యార్థినులను కూడగట్టి హాస్టలు నడిపారు. బి.ఏ. తర్వాత లా పూర్తిచేసి 1942లో మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు.

రాజ్యాంగ సభలో

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే ప్యానెల్‌లో ఉన్న ఏకైక మహిళ ఆమే. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సును 35 నుంచి 30కి తగ్గించాలని కోరి నెగ్గించుకున్నారు. మనుషులను అమ్మడం, కొనడం నిషేధించే అధికరణంపై చర్చలో దేవదాసీ ఆచారం గురించి మాట్లాడారు. పన్నెండేళ్ల వయసులో ఏ స్త్రీల కోసం చందాలు పోగుచేశారో, ఆ స్త్రీల మాటే చట్టసభలో ఎత్తారు.

1952 ఎన్నికల్లో ఆమె ఓడిపోయారు. అయినా ఇంట్లో కూర్చోలేదు. ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ను వివాహం చేసుకున్నారు. అదే సంవత్సరం ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. మధ్యలో బడి మానేసిన స్త్రీలకు తక్కువ కాలంలో చదువు చెప్పి పరీక్షలకు పంపే తరగతులను ఆ బోర్డు 1958లో ప్రారంభించింది. 1937లో మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ కూడా ఇలాంటి స్త్రీలకు మెట్రిక్ చదువు చెప్పింది.

భార్యాభర్తల తగాదాలకు వేరే కోర్టులు ఉండాలని 1953లోనే ఆమె నెహ్రూకు సూచించారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. దానిని చూడకుండానే 1981 మే 9న ఆమె కన్నుమూశారు. 1975లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

జైలులో ఆమె చూసిన కష్టానికి నేడు కొంత దారి ఉంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆస్తి, ఆదాయాలతో నిమిత్తం లేకుండా ఏ స్త్రీకైనా ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇస్తారు. దగ్గరలోని కోర్టులో ఉండే న్యాయసేవల కమిటీకి దరఖాస్తు పెడితే చాలు. ఈ సంగతి తెలియని ఇల్లు మన పల్లెల్లో ఇంకా ఎన్నో ఉన్నాయి. తెలిసినవారు తెలియనివారికి చెప్పాలి.