యంత్రశిల్పి హెన్రీ మాడ్‌స్లే

నేడు కర్మాగారములలో కంప్యూటరు ఆజ్ఞచే నడచు మిల్లింగు యంత్రములు విరివిగా కలవు. వీనిని సి.ఎన్.సి. యంత్రములందురు. అంకెలతో వ్రాసిన ఆదేశముల ననుసరించి ఇవి ఉక్కును కోసి, కోరిన రూపమునకు తెచ్చును. మన పాఠశాలలో చదువు ముగించి ఐ.టి.ఐ.లలో చేరు విద్యార్థులు వీనిని చూచి, ఘనత యంతయు కంప్యూటరుదే యని తలంచుట కలదు. కాని చాల యంత్రములలో ఆ కంప్యూటరు చేయునది, ఒక మరను ఇన్ని చుట్లు త్రిప్పుమని మోటారును ఆజ్ఞాపించుటయే. ఆ మర వంకర యైనచో ఆదేశ మెంత చక్కగా వ్రాసినను పని చెడును. సరియైన మరను, సరియైన సమతలమును యంత్రశాలకు పునాదిగా నిలిపినవారిలో అగ్రగణ్యుడు హెన్రీ మాడ్‌స్లే. ఆయన చరిత్రను మేమిట సంగ్రహముగా తెలుపుచున్నాము.

హెన్రీ 1771 ఆగస్టు 22వ తేదీన లండను చెంతనున్న ఉల్విచ్ పట్టణమున జన్మించెను. తండ్రి అచటి ఆయుధాగారమున ఉద్యోగి. బడికి పోవలసిన పండ్రెండేండ్ల ప్రాయమున బాలుడు ఆ ఆయుధాగారముననే తూటాలలో మందు కూరు పనికి కుదిరెను. పిదప వడ్రంగములో పెట్టిరి. కాని అతని మనస్సు కమ్మరి కొలిమి మీదనే యుండెడిది. పదునైదవ యేట అతనిని కొలిమికి మార్చిరి. కొలది కాలములోనే సుత్తె వేయుటలోను, ఆకురాయి పట్టుటలోను అతని నేర్పు నలుగురి నోట పడెను.

1789లో, పదునెనిమిదేండ్ల వయస్సున, మాడ్‌స్లే లండనులో జోసెఫ్ బ్రామా యను శిల్పి కడ చేరెను. బ్రామా కల్పించిన తాళము మిక్కిలి గట్టిది. కాని దాని భాగములను చేతితో చేయుట కష్టము, వ్యయము అధికము. ఆ భాగములను తయారుచేయు యంత్రములను మాడ్‌స్లే నిర్మించెను. అతడు చేసిన ఒక తాళమును 1790లో అంగడి ముంగిట నుంచి, చెవి లేక తెరచినవారికి 200 గినీలు బహుమానమని ప్రకటించిరి. 1851లో హాబ్సు అను అమెరికా శిల్పి పదునారు దినములలో 51 గంటలు శ్రమించి తెరచువరకు అది లొంగలేదు.

బ్రామా నీటి పీడనముతో నడచు ప్రెస్సును నిర్మించినప్పుడు ఒక చిక్కు వచ్చెను. ముషలకము ప్రక్కనుండి నీరు కారెడిది. కారకుండ గట్టిగా బిగించిన, ముషలకము వెనుకకు రాకుండెడిది. దీనికి మాడ్‌స్లే గిన్నె యంచువంటి తోలుపట్టీ నమర్చెనని ఆయన శిష్యుడు నాస్మిత్ వ్రాసియున్నాడు. నీటి ఒత్తిడి పెరిగినప్పుడు ఆ యంచు తనంతట బిగియును. ఒత్తిడి తగ్గగానే వదలును. చిక్కును కలిగించు నీటిచేతనే చిక్కును తీర్పించుట ఇందలి విశేషము.

ఇట్టివానికి వారమునకు 30 షిల్లింగులే వేతనము. సంసారి యైన మాడ్‌స్లే కొంత హెచ్చింపు కోరెను. యజమాని నిరాకరించెను. 1797లో అతడు కొలువు విడిచి, సొంత పనిశాల పెట్టెను.

ఆ కాలమున తరిమెన పట్టువారు ఉలిని చేతితో పట్టి లోహమును చెక్కెడివారు. చేయి అలసినచో పని చెడెడిది. మాడ్‌స్లే ఉలిని జారుడు పీఠముపై బిగించి, పొడవైన మరచే దానిని నడపెను. పండ్ల చక్రములను మార్చినచో కోరిన కొలతకు మరచుట్లు పడును. జారుడు పీఠము ఆయనకు ముందును కొందరికి తెలిసినదే. కాని ఈ మూడింటిని గట్టి ఇనుప యంత్రమున కూర్చి పనివారికి అలవాటు చేసిన ఘనత ఆయనది. అంతకుముందు ఏ బోల్టునకు ఆ నట్టే సరిపడెడిది. జత తప్పినచో రెండును వ్యర్థము.

అయితే మరను కోయు యంత్రమునకు ముందొక మర కావలెను గదా! అందు దోషమున్న, దానినుండి పుట్టు ప్రతి మరకును ఆ దోషము సంక్రమించును. అందుచే మాడ్‌స్లే వాలుగా నిలిపిన కత్తిని మెత్తని స్తంభమునకు ఆనించి మొదటి మరను పుట్టించి, కొలుచుచు, సరిదిద్దుచు క్రమముగా మేలైన మరలను సాధించెను. ఆయన చేసిన ఒక మర 5 అడుగుల పొడవు, అంగుళమునకు 50 చుట్లు కలది. సుమారు 1805లో చేసిన కొలత సాధనము అంగుళములో పదివేలవ వంతును చూపెడిది. తగవులు తీర్చు తుది న్యాయస్థానమువంటిది గనుక దానికి లార్డ్ ఛాన్సలర్ అని పేరిడిరి.

సమతలము విషయమునను ఆయన పట్టుదల ఇట్టిదే. పనివారి బల్లలపై నునుపు పలకలనుంచి, చేసిన పనిని వానితో సరిచూడుమనెడివాడు. రెండు పలకలు ఒకదానితో నొకటి సరిపడినంత మాత్రమున చాలదు. ఒకటి గుంటయు, మరియొకటి గుబ్బయు కావచ్చును. మూడవ పలకతోను సరిపడిననే సమతలము. శిష్యుడు విట్‌వర్తు 1840లో ఈ పద్ధతిని సభాముఖమున వివరించెను.

మార్క్ బ్రూనెల్ రూపకల్పన ననుసరించి పోర్ట్స్‌మత్ నౌకాశ్రయమునకు కప్పీలు చేయు యంత్రములను మాడ్‌స్లే నిర్మించెను. 1808 నాటికి అవి ఏటికి 1,30,000 కప్పీలు చేసెను. నూటపదిమంది నేర్పరుల పనిని పదిమంది సామాన్యులు చేయగలిగిరి. ఇందు లాభమునే చూచి నష్టమును మరువరాదు. జీవితమంతయు వెచ్చించి నేర్చిన చేతిపని ఒక్కమారుగా అక్కరకు రాకుండుట ఏ పనివానికైనను గొప్ప దెబ్బ. అయినను యంత్రమును నిర్మించుటకు, దాని రోగమును కనిపెట్టుటకు నూతన నేర్పు కావలసివచ్చెను. ఆ నేర్పునకు మాడ్‌స్లే పనిశాలయే విద్యాలయమయ్యెను. విట్‌వర్తు, నాస్మిత్, రాబర్ట్సు, క్లెమెంటు మొదలగువారు అచట పనిచేసి పేరొందినవారే.

మిత్రుని చూడ ఫ్రాన్సుకు పోయి తిరిగివచ్చుచు, జలుబు సోకి, 1831 ఫిబ్రవరి 14న మాడ్‌స్లే మరణించెను. ఉల్విచ్‌లోనే సమాధి చేసిరి.

1952లో అమెరికాలో చిల్లుల కాగితపు పట్టీతో నడచు మిల్లింగు యంత్రమును ప్రదర్శించిరి. నేటి యంత్రములు దాని సంతతి. వానిపై గుండ్రని పని కోయునప్పుడు, మర దిశ మార్చు నాలుగు చోట్ల మెట్టువంటి గుర్తు పడుట కలదు. నేర్చువారు తొందరపడి ఆదేశములోని అంకెలను మార్తురు. అది తగదు. బల్లకు డయలు గేజి నానించి, కొంత ముందుకు నడపి, పిమ్మట వెనుకకు నడపవలెను. ఆజ్ఞ ఇచ్చినను ముల్లు కొంతసేపు కదలకున్న, మరకు నట్టునకు నడుమ వదులున్నదని తెలియును. స్వల్పమైన వదులును కంప్యూటరులో సవరింపవచ్చును; నట్టు అరిగినచో మార్చుటయే మందు.

విద్యార్థులారా! దోషము కనబడిన చోటనే పుట్టినదని తలంపకుడు. కొలిచి చూచి, మూలమునకు పొండు. తూటాలలో మందు కూరిన బాలుడు యంత్రశిల్పులకు గురువైనది ఈ ఓర్పుచేతనే.