కలియుగ భీముడు కోడి రామమూర్తినాయుడు

దేహబలానికి ఆంధ్రదేశంలో సామెతగా నిలిచిన పేరు కోడి రామమూర్తినాయుడు. రొమ్ముపై ఏనుగును మోసినాడన్న మాట వినని తెలుగువాడు అరుదు. అయితే ఆ ఏనుగుకు ముందు ఏండ్ల తరబడి వేకువజామున తీసిన దండీలు, బస్కీలు జనశ్రుతిలో అంతగా చోటు చేసికొనలేదు. ఆయన జీవితంలో బాలురు గమనింపదగిన భాగం మాత్రం అదే.

రామమూర్తినాయుడు గారు 19వ శతాబ్దపు ఎనభయ్యవ పడిలో, నాటి విశాఖపట్టణం జిల్లాలోని వీరఘట్టంలో జన్మించారు. పసితనంలోనే తల్లి పోయింది. తండ్రి వెంకన్ననాయుడు గారు తల్లి లేని బిడ్డ అని మిక్కిలి గారాబంగా పెంచారు. గారాబపు బిడ్డకు చదువుపై మనసు నిలువలేదు. ఊరి చేరువనున్న తోటకు పోయి సాము చేయడమే ఆయన నిత్యకృత్యమైంది. కుమారుని దారికి తేవాలని తండ్రి ఆయనను విజయనగరంలో పోలీసు ఉద్యోగిగా ఉన్న తమ్ముడు నారాయణస్వామి గారి వద్దకు పంపించారు. పినతండ్రి ఆ బాలుని అభిరుచిని అణచలేదు. దానికొక క్రమం కల్పించారు. అక్కడి వ్యాయామశాలలో రామమూర్తి సామును శాస్త్రంగా అభ్యసించారు.

తరువాత మద్రాసు సమీపాన సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది, విజయనగరానికి మరలివచ్చి, తాను చదివిన ఉన్నత పాఠశాలలోనే వ్యాయామ శిక్షకులైనారు. సర్కసు డేరాలో జయజయధ్వానాలందుకొన్న ఈ వీరుడు మొదట బడిపంతులన్న సంగతిని ఉపాధ్యాయులు కొంత గర్వంతో చెప్పుకొనవచ్చును.

ఆయన సాధన ప్రధానంగా దేశీయమైనది. దండీ తీసేటప్పుడు రొమ్ము, భుజాలు, చేతులు, వెన్ను ఒక్క కదలికలోనే పనిచేస్తాయి. బస్కీ తొడలకు, పిక్కలకు బలమిస్తుంది. గోదాలో ప్రత్యర్థిని ఎత్తాలన్నా, అతని పట్టు విడిపించుకోవాలన్నా ఆధారం ఈ అంగాలే. వీటికి రామమూర్తి ప్రాణాయామాన్ని జోడించారు. బలమంటే కండ ఒక్కటే కాదనీ, ఊపిరిని, మనస్సును ఒకచోట నిలుపగల నేర్పనీ ఆయన విశ్వాసం. పైగా ఆయన శాకాహారి. మాంసం లేనిదే మల్లుడు కాలేడన్న వాదానికి ఆయన దేహమే సమాధానమైంది.

ఇరవైయొకటవ యేట రొమ్ముపై ఒకటిన్నర టన్నుల బరువును మోసేవారనీ, క్రమంగా అది మూడు టన్నులకు పెరిగిందనీ చెబుతారు. ఇందులో గమనించవలసినది క్రమంగా అన్న మాట. కండరం కొద్ది వారాల్లో బలపడుతుంది. దానిని ఎముకకు బిగించే స్నాయువు అంత త్వరగా బలపడదు. బరువు పెంచడంలో తొందరపడిన కుర్రవాళ్లకు కీళ్లు బెణకడానికి కారణం ఈ తేడాయే. సికింద్రాబాదు నుండి శామీర్‌పేటకు పోయే దారిలో, హకీంపేట వద్దనున్న ప్రభుత్వ క్రీడా పాఠశాల వంటి చోట్ల నేడు చిన్నతనం నుండి అంచెలంచెలుగా శిక్షణ ఇవ్వడానికి ఆధారమైన సూత్రం కూడా ఇదే.

ఇక ఏనుగు సంగతి. రొమ్ముపై బలమైన పలక పరుస్తారు. దానిమీదుగా ఏనుగు నడిచిపోతుంది. భారం ఒక్కచోట పడక పలక పొడవునా పంచుకుపోతుంది. రామమూర్తి గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టేవారు. గాలి నిండిన రొమ్ము, బిగిసిన పొట్ట కలిసి గట్టిగా ఊదిన తిత్తివలె నిలుస్తాయి. ఆ క్షణంలో ఊపిరి సడలితే పక్కటెముకలు నిలువవు. రొమ్మున చుట్టిన ఇనుప గొలుసును తెంచడంలోనూ కీలకం ఊపిరే. ఇట్లా శ్వాస బిగబట్టి బరువు మోసినప్పుడు రక్తపు పోటు ఒక్కసారిగా పెరుగుతుంది. కాబట్టి బాలురు ఈ ప్రదర్శనలను అనుకరింపరాదు. అనుకరింపదగినవి దండీలు, బస్కీలే.

తుని రాజావారి ప్రోత్సాహంతో ఆయన సర్కసు సంస్థ నెలకొల్పి దేశమంతటా తిరిగారు. కాలం కూడా అందుకు అనువుగా వచ్చింది. జర్మనుడైన శాండో 1905 ప్రాంతంలో భారతదేశంలో ప్రదర్శనలిచ్చి, బలానికి పాశ్చాత్య దేహమే ప్రమాణమన్న భావనను కలిగించాడు. భారతీయులు దుర్బలులన్న నింద పాలకుల నోట తరచు వినబడేది. 1905లో వంగవిభజన జరిగి స్వదేశీ ఉద్యమం చెలరేగింది. వంగదేశపు యువకులు వ్యాయామశాలలను ఆశ్రయించారు. ఆ దినాలలో వీరఘట్టపు రామమూర్తి డేరాలో నిలిచి గొలుసు తెంచితే, ప్రేక్షకులకు తెగినది ఇనుము మాత్రమేనా? వైస్రాయి మింటో ప్రభువు సైతం తన మోటారు కారును ఆపమని ఆయనను పరీక్షించి ఓడిపోయినట్లు ప్రసిద్ధి. పూనాలో లోకమాన్య తిలక్ ఆయనకు మల్లమార్తాండ బిరుదునిచ్చారు. తరువాత ఇంగ్లండుకు వెళ్లి అయిదవ జార్జి చక్రవర్తి మెప్పు పొందారనీ, ఆర్జించిన ధనంలో అధికభాగం దానధర్మాలకు, జాతీయోద్యమానికి వెచ్చించారనీ చెబుతారు. మనవారికి మాత్రం ఆయన కలియుగ భీముడు.

అంతటి దేహానికీ పరీక్ష తప్పలేదు. కాలిపై లేచిన పుండు మానక, చివరకు కాలునే తీసివేయవలసి వచ్చింది. శస్త్రచికిత్స సమయాన ఆయన మత్తుమందును నిరాకరించి, ప్రాణాయామంతోనే బాధను సహించినట్లు ఆనాటివారు చెప్పుకొనేవారు. ఏనుగు పాదం కింద అక్కరకు వచ్చిన ఊపిరే శస్త్రం కిందనూ తోడైంది. ప్రదర్శనలు అంతటితో ముగిశాయి. కూడబెట్టుకొన్న ధనమంటూ మిగలలేదు. చివరి దినాలు ఒరిస్సాలోని బలంగీరులో, సంస్థానపు ఆదరణలో గడిచాయి. 1942 జనవరిలో, సంక్రాంతి దినాలలో, రామమూర్తినాయుడు గారు అక్కడే కన్నుమూశారు. విశాఖ సముద్రతీరాన ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలోని క్రీడామైదానానికి ఆయన పేరే పెట్టారు.