రిటైరైన తర్వాత 29 ఏళ్ళు

పదవీ విరమణ నాడు పూలదండ వేసి, శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి సాగనంపుతారు. మర్నాటి నుంచి మనిషికి తోడుండేది హోదా కాదు, స్వభావమే. ఈ సంగతి తలపుకు వచ్చినప్పుడల్లా నాకు గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు గుర్తుకొస్తారు. వారు పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కాని వారి కృషిలో అధిక భాగం రిటైరైన తర్వాతనే సాగిందన్న విషయం మన సభ్యులు ప్రత్యేకంగా గమనించదగినది.

పంతులు గారు 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారితో కలిసి చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతం మీద ఉపాధ్యాయులుగా చేరారు. సంసార భారం మోస్తూనే ప్రైవేటుగా బి.ఎ. ప్యాసయ్యారు.

ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరలతో మాట్లాడాలన్నా, వారికి చదువు చెప్పాలన్నా ముందు వారి భాష రావాలని గ్రహించారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చారు. అందులో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టించారు. కొండల్లో తిరగడం వల్ల మలేరియా పట్టుకుంది. దానికి మింగిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. జీవితమంతా మనుషుల మాట మీద పనిచేసిన వ్యక్తికి ఆ మాటే వినపడకుండా పోవడం కంటే కష్టం ఏముంటుంది? అయినా ఆయన పని ఆపలేదు.

1911లో, 48వ ఏట రిటైరయ్యారు. వాడుక భాషలోనే చదువు చెప్పాలన్న పోరాటానికి ఇక పూర్తిగా నడుం కట్టారు. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక నడిపారు. ఊరూరా సభల్లో వాదించారు. ఎదుటి పక్షంలో జయంతి రామయ్య పంతులు గారి వంటి ఉద్దండులున్నారు. పంతులు గారి వాదనలో వేడి ఉండేది, కాని ఆధారం లేని మాట ఉండేది కాదు. పూర్వకవుల ప్రయోగాలు చూపేవారు. గ్రాంథికమే రాయాలన్న పండితులు తామే ఆ నియమాలు ఎక్కడ తప్పారో వారి పుస్తకాల నుంచే ఏరి చూపేవారు. వయసును చూసి తన మాట ఒప్పుకోవాలని ఆశించకపోవడం నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చిన గుణం. ఇంట్లో పిల్లలతో వాదనకు దిగినప్పుడు మనం ముందుగా బయటికి తీసేది వయసునే కదా!

ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయ్యేనాటికి ఆయనకు 68 ఏళ్ళు. ఆ తర్వాత సవర–ఇంగ్లీషు నిఘంటువు కూడా పూర్తిచేశారు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న ప్రాంతం ఆంధ్రలోనే ఉండాలని ఆయన గట్టిగా వాదించారు. ఫలితం లేకపోయింది. అర్ధ శతాబ్దానికి పైగా బతికిన ఊరు విడిచి, 72 ఏళ్ళ వయసులో రాజమహేంద్రవరం వచ్చేశారు. ఆ వయసులో ఇల్లు మారడం ఎంత కష్టమో మనలో చాలామందికి అనుభవమే. పిల్లల దగ్గరికి వెళ్ళి, కొత్త వీధిలో పలకరించేవారు లేక కుంగిపోయినవారిని నేను చూశాను. పంతులు గారికి చేతిలో పని ఉంది. ఆయన ఎక్కడికి వెళితే అదీ అక్కడికి వెళ్ళింది.

1940 జనవరి 22న కన్నుమూశారు. ఉద్యోగం 30 ఏళ్ళు, రిటైరయ్యాక జీవితం సుమారు 29 ఏళ్ళు. లోకం ఆయనను ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది ఈ రెండో భాగానికే.

మనమందరం ఉద్యమాలు నడపలేం. వీధిలో పిల్లలకు లెక్కలు చెప్పడమో, చదువురాని వితంతువుకు ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు పూర్తిచేసి పెట్టడమో చేయవచ్చు. చెవి వినపడకపోయినా, మోకాళ్ళు నొప్పెట్టినా ఈ మాత్రం సాధ్యమే. సభ్యులు ఆలోచించగలరని మనవి.