యాగి, ఉడా: ఒక యాంటెన్నా, రెండు పేర్లు

దూరదర్శన్ రోజుల్లో డాబాల మీద చేప ముల్లులా కనిపించిన అల్యూమినియం యాంటెన్నా మనలో చాలామందికి తెలీదు. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు. గాలికి అది పక్కకి తిరిగితే ఒకళ్ళు పైకెక్కి తిప్పడం, ఇంకొకళ్ళు కింద టీవీ ముందు నిలబడి బొమ్మ వచ్చిందో లేదో కేకేసి చెప్పడం. ఈసీఈ వాళ్ళు మాత్రం దాన్ని ఇప్పటికీ పరీక్షలో గీస్తున్నారు. దాని పేరులో మొదటి సగం, యాగి.

హిదెత్సుగు యాగి 1886లో జపాన్‌లోని ఒసాకాలో పుట్టాడు. 1909లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పూర్తి చేశాడు. తర్వాత పై చదువులకి విదేశాలు వెళ్ళాడు. జర్మనీలో బార్క్‌హౌజెన్ దగ్గర, ఇంగ్లండ్‌లో ఫ్లెమింగ్ దగ్గర పనిచేశాడు. మనం ఆసిలేటర్లలో చదివే క్రైటీరియన్ ఆ బార్క్‌హౌజెన్‌దే, వాక్యూమ్ డయోడ్ ఆ ఫ్లెమింగ్‌దే. అంటే మన సిలబస్సే ఆయనకి గురువులు!

తిరిగొచ్చి సెందాయ్‌లోని తొహొకు యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పొట్టి తరంగాల మీద పరిశోధన మొదలుపెట్టించాడు. అక్కడ ప్రయోగాల భారం మోసినవాడు షింతారో ఉడా, యాగి కంటే పదేళ్ళు చిన్నవాడు. వాళ్ళు తేల్చింది ఇది: వైరు ఒక్క కడ్డీకే ఇవ్వాలి. దాని వెనక కొంచెం పొడుగు కడ్డీ, ముందు కొంచెం పొట్టి కడ్డీలు పెట్టాలి. వాటికి ఏ కనెక్షనూ ఉండదు. అయినా వాటిలో పుట్టే కరెంట్ల వల్ల సిగ్నల్ అంతా ఒకే వైపు పోగవుతుంది.

1926లో ఇద్దరి పేర్లతో పేపర్ వచ్చింది. ఉడా జపనీస్‌లో వరసగా పేపర్లు రాశాడు. కానీ పేటెంట్ మాత్రం యాగి ఒక్కడి పేరు మీదే ఉంది. 1928లో అమెరికాలో అచ్చయిన ఇంగ్లీష్ పేపరూ ఆయన ఒక్కడిదే. అందులో ఉడా పనిని ఆయన దాచలేదు. అయినా ప్రపంచం ఇంగ్లీష్‌లో చదివిన పేరునే పట్టుకుంది. అలా అది యాగి యాంటెన్నా అయిపోయింది.

సొంత దేశం ఆ పేరునీ పట్టించుకోలేదు. 1942లో సింగపూర్‌ని గెలుచుకున్న జపాన్ సైనికులకి ఒక బ్రిటిష్ రాడార్ నోట్‌బుక్ దొరికింది. అందులో మాటిమాటికీ కనిపించిన యాగి అనే మాటకి అర్థం వాళ్ళకి తెలీలేదు. అది మీ దేశస్తుడి పేరేనని చివరికి ఒక బ్రిటిష్ ఖైదీ చెప్పాల్సి వచ్చింది. ఇంకా ఘోరం, 1945లో హిరోషిమా, నాగసాకిల మీద పడ్డ బాంబుల్లో ఎత్తు కొలిచే రాడార్లకి బిగించింది కూడా యాగి యాంటెన్నాలే.

యుద్ధం తర్వాత యాగి ఒసాకా యూనివర్సిటీకి అధ్యక్షుడయ్యాడు, 1953లో ఎగువసభకి ఎన్నికయ్యాడు, 1956లో దేశ సాంస్కృతిక పురస్కారం అందుకున్నాడు. ఉడా 1950ల్లో ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీకి వచ్చి కొన్నేళ్ళు పనిచేశాడు. ఇద్దరూ 1976లోనే పోయారు. జనవరిలో యాగి, ఆగస్టులో ఉడా.

జపాన్‌లో 2003లో డిజిటల్ టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. అయినా అక్కడి ఇళ్ళ మీద ఈ చేప ముల్లు పోలేదు. ఎందుకంటే యాంటెన్నాకి అనలాగ్, డిజిటల్ తేడా తెలీదు, అది చూసుకునేది లోపలి ట్యూనర్. యాంటెన్నాకి తెలిసింది ఫ్రీక్వెన్సీ, దిక్కు. 600 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం 50 సెంటీమీటర్లు, కాబట్టి కడ్డీ సుమారు 25 సెంటీమీటర్లు చాలు. దిక్కు మాత్రం ఇప్పుడు ఇంకా ముఖ్యం. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గితే చుక్కలతోనైనా బొమ్మ వచ్చేది. డిజిటల్‌లో ఒక హద్దు దాటితే బొమ్మ ఆగిపోతుంది, అంతే.

ప్రాజెక్ట్ రిపోర్ట్ అట్ట మీద ఎవరి పేరుండాలో తేల్చుకునే రోజులు మనకీ వస్తాయి. రాత్రుళ్ళు ల్యాబ్‌లో కూర్చున్నది ఎవరో అప్పుడు గుర్తు తెచ్చుకుందాం. ఈలోగా వైవాలో అడిగితే యాగి దగ్గరే ఆపేయకండి, ఉడా అని కూడా అనండి.