హెలెన్ కెల్లర్ మామూలు బడిలో ఎలా చదివింది?

హెలెన్ కెల్లర్ పేరు వినగానే మీకు నీళ్ల పంపు కథ గుర్తొస్తుంది. పాప ఒక చేతి మీద నీళ్లు పడుతుంటే, రెండో చేతిలో టీచరు వేలితో ఆ మాట అక్షరాలు రాసిందని చిన్నప్పుడే విని ఉంటారు. అప్పటికి హెలెన్‌కు ఏడేళ్లు నిండలేదు. నేను చెప్పబోయేది ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 1896 అక్టోబరులో జరిగిన సంగతి. చూపు, వినికిడి రెండూ లేని ఆ పదహారేళ్ల అమ్మాయి, చూడగలిగి వినగలిగే అమ్మాయిల బడిలో చేరింది.

ముందు జబ్బు సంగతి. హెలెన్ 1880 జూన్ 27న అమెరికాలోని అలబామా రాష్ట్రం టస్కంబియాలో పుట్టింది. 19 నెలల వయసులో తీవ్రమైన జ్వరం వచ్చింది. జ్వరం తగ్గిందని ఇంట్లో అందరూ సంబరపడ్డారు. చూపూ వినికిడీ పోయాయని తర్వాత గానీ తెలియలేదు. అది మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు అయి ఉండొచ్చని నేటి వైద్యుల్లో చాలామంది అంచనా. ఆ జబ్బు తెచ్చే క్రిముల్లో ఒకటైన హిబ్ నుంచి పెంటావాలెంట్ టీకా కాపాడుతుంది. 6, 10, 14 వారాలకు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. ఇంకో మాట. బిడ్డకు మెనింజైటిస్ వచ్చి తగ్గితే, డిశ్చార్జి అయిన నెలలోపు వినికిడి పరీక్ష చేయించండి. బాగా ఆడుకుంటున్నాడు కదా అని వాయిదా వేయకండి.

1887 మార్చిలో ఆనీ సల్లివన్ టీచరుగా వచ్చింది. ఆమెకు అప్పుడు ఇరవయ్యేళ్లు. ట్రకోమా అనే కంటి జబ్బుతో చిన్నప్పుడే చూపు దెబ్బతింది, ఆపరేషన్లతో కొంత తిరిగొచ్చింది. ఆమె వెంట హెలెన్ బోస్టన్‌లోని అంధుల బడికి, ఆపై బధిరుల బడులకూ వెళ్లింది. అక్కడితో ఆగి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ ఆమెకు హార్వర్డ్ పక్కనే ఉన్న రాడ్‌క్లిఫ్ మహిళా కళాశాలలో చదవాలని పట్టుదల. ఆ ప్రవేశ పరీక్షల కోసమే కేంబ్రిడ్జ్‌లోని ఈ బాలికల బడిలో చేరింది.

ఇక క్లాసులో ఎలా సాగిందో చూడండి. టీచరు పాఠం చెబుతుంటే ఆనీ పక్కన కూర్చుని ప్రతి మాటనూ హెలెన్ అరచేతిలో రాసేది. చేయి ఖాళీగా ఉండదు కాబట్టి హెలెన్ నోట్సు రాసుకోలేదు. గదికి వెళ్లాక గుర్తున్నది టైపు చేసుకునేది. చాలా పుస్తకాలకు బ్రెయిలీ ప్రతులు లేవు, ఉన్నవి వేళకు అందేవి కావు. జ్యామితి బొమ్మల కోసం మెత్తటి దిండు మీద వంకర తీగలు, తిన్నని తీగలు గుచ్చి వేలితో తడిమి నేర్చుకుంది. జర్మన్ టీచరు, ప్రిన్సిపల్ ఆర్థర్ గిల్మన్ వేళ్ల అక్షరాలు నేర్చుకున్నారు. తోటి అమ్మాయిల్లోనూ కొందరు నేర్చుకుని ఆమెతో కబుర్లు చెప్పేవారు, మంచులో ఆడేవారు. మిగతావాటి కంటే ఇదే నాకు ముఖ్యమనిపిస్తుంది. పక్క సీటు స్నేహం ఏ పరికరంతోనూ రాదు.

1897 పరీక్షల్లో ఆమెకు ప్రత్యేక గది ఇచ్చారు, టైపురైటరు చప్పుడు ఇతరులకు ఇబ్బంది కాకుండా. గిల్మన్ ప్రశ్నలను ఆమె చేతిలో రాస్తే ఆమె జవాబులు టైపు చేసింది. అన్నీ ప్యాసైంది. జర్మన్, ఇంగ్లిష్‌లో ఆనర్స్ కూడా వచ్చాయి.

తర్వాతి ఏడాది అదే గిల్మన్ అమ్మాయి అలసిపోతోందని, చదువు వేగం తగ్గించాలని పట్టుబట్టారు. ఆనీ ఒప్పుకోలేదు. గొడవ ముదిరి, తల్లి ఆమెను బడి మాన్పించింది. గిల్మన్‌ను చెడ్డవారని నేను అనను. ప్రేమతోనే అయినా, పిల్లల శక్తి ఎంతో వాళ్లను అడగకుండానే తేల్చేయడం మన ఇళ్లలోనూ చూస్తుంటాం.

చివరి పరీక్షలు 1899 జూన్‌లో, ట్యూటరు దగ్గర చదివి రాసింది. ఈసారి ప్రశ్నపత్రాలు బ్రెయిలీలో ఇచ్చారు. అక్కడే చిక్కొచ్చింది. అప్పట్లో అమెరికాలో చుక్కల లిపులు మూడు రకాలు ఉండేవి. ఆమె బీజగణితం నేర్చుకున్నది ఇంగ్లిష్ బ్రెయిలీలో, పేపరు వచ్చేది అమెరికన్ బ్రెయిలీలో. కూడిక, బ్రాకెట్టు లాంటి గుర్తులే వేరు. పరీక్షకు రెండు రోజుల ముందు పాత పేపరు చేతికొచ్చాక గానీ ఆ సంగతి తెలియలేదు. గుర్తుల పట్టిక తెప్పించుకుని, ముందు రోజు రాత్రి దాకా తంటాలు పడింది. గణితం ఆమెకు ఎటూ ఇష్టమైన సబ్జెక్టు కాదు. అయినా ప్యాసైంది. ఒకవేళ తప్పి ఉంటే? లోపం అమ్మాయిదే అనేవారు, పేపరుది అని ఎవరూ అనేవారు కాదు.

1900లో రాడ్‌క్లిఫ్‌లో చేరి 1904లో ప్రత్యేక ప్రతిభతో పట్టా పొందింది. ఆ నాలుగేళ్లూ ఆనీ ప్రతి క్లాసులో పక్కనే ఉంది. రోజూ గంటల తరబడి ఆమె కోసం పుస్తకాలు చదివి, అసలే బలహీనమైన కళ్లను మరింత పాడుచేసుకుంది. పట్టా మాత్రం హెలెన్‌కే. తర్వాత హెలెన్ ఎన్నో దేశాలు తిరిగి దివ్యాంగుల కోసం పనిచేసింది, 1955లో మన దేశానికీ వచ్చింది. 1968లో కన్నుమూసింది.

ఆనాడు ఆమెకు ధనవంతుల సాయం ఉంది, చట్టం లేదు. మీకు చట్టం ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు ఉన్న ఏ బడీ వైకల్యం పేరుతో పిల్లలను కాదనకూడదు. చేర్చుకోవడంతో బడి పని అయిపోదు. ముందు వరుస సీటు, కింది అంతస్తులో క్లాసు, బోర్డు మీద రాసింది బిగ్గరగా చదవడం, పెద్ద అక్షరాల పేపరు... మీ బిడ్డకు ఏది కావాలో హెడ్మాస్టరుకు కాగితం మీద రాసివ్వండి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు తీసుకోండి. పరీక్షలో రాసిపెట్టే సహాయకుడు కావాలన్నా, అదనపు సమయం కావాలన్నా అదే ఆధారం. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అదనపు సమయం గంటకు 20 నిమిషాలు, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట.

ఇదంతా తొమ్మిదో తరగతిలో ఉండగానే చూసుకోండి. హాల్ టికెట్లు వచ్చాక సర్టిఫికెట్ కోసం పరుగెత్తుకొచ్చే తల్లిదండ్రులు మా ఆసుపత్రిలో ఏటా కనిపిస్తూనే ఉంటారు.