ఎల్లలు దాటిన తల్లి బొమ్మ

నూనెరంగులతో గీచిన పటము ఒక్కటే యుండును. దానిని కొన్న ధనవంతుని గోడయే దానికి చివరి మజిలీ. అచ్చు చిత్రము సంగతి వేరు. రాగిరేకుమీదనో, రాతిపలకమీదనో, కొయ్యచెక్కమీదనో ఒక్కమారు మలచిన బొమ్మనుండి పెక్కు ప్రతులు తీయవచ్చును. అది కూలివాని గుడిసెకును పోగలదు. సముద్రములు దాటియు పోగలదు. ఈ సంగతి గ్రహించి తన ప్రతిభలో అధికభాగమును అచ్చు చిత్రములకు ధారవోసిన జర్మను చిత్రకారిణి కేథె కోల్‌విట్జ్. ఆమె జీవితకథ ఎంత గొప్పదో, ఆమె బొమ్మలు పరుల చేతులలో పొందిన జీవితముల కథయు అంత గొప్పది.

కేథె 1867 జూలై 8వ తేదీన తూర్పు ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్ నగరమున జన్మించెను. ఆ నగరము నేడు కాలినిన్‌గ్రాడ్ అను పేర రష్యాలో నున్నది. తండ్రి కార్ల్ ష్మిట్ న్యాయశాస్త్రము చదివియు తాపీపని చేపట్టి గృహనిర్మాత అయ్యెను. మాతామహుడు యూలియస్ రూప్ ప్రభుత్వ మతసంస్థతో విభేదించి స్వతంత్ర ప్రార్థనాసమాజమును నెలకొల్పిన మతాచార్యుడు. ఆ కాలమున కళాపరిషత్తుల విద్య స్త్రీలకు అందరానిది. కావున ఆమె బెర్లిన్, మ్యూనిక్ నగరములలో స్త్రీలకై ప్రత్యేకించిన పాఠశాలలయందు చిత్రకళ నేర్చెను. 1891లో కార్ల్ కోల్‌విట్జ్ అను వైద్యుని వివాహమాడెను. ఆయన బెర్లిన్‌లోని శ్రామికుల పేటలో వైద్యము చేయుచుండెను. అచటికి వచ్చు కూలిస్త్రీల వెతలు ఆమె కన్నులయెదుటనే జరుగుచుండెను. ఆ ముఖములే ఆమె బొమ్మలలోనికి వచ్చెను.

1893లో ఆమె హాప్ట్‌మన్ రచించిన నేతగాండ్ర నాటకమును చూచెను. 1844లో సైలీషియా నేతపనివారు ఆకలికి తాళలేక చేసిన తిరుగుబాటు అందలి ఇతివృత్తము. ఆ ప్రేరణతో ఆరు చిత్రముల వరుసను 1897 నాటికి ముగించెను. మరుసటి యేట బెర్లిన్ ప్రదర్శనమున దానికి బంగారు పతకము నీయవలెనని నిర్ణేతలు సిఫారసు చేయగా, విల్‌హెల్మ్ చక్రవర్తి నిరాకరించెను. 1906లో ఇంటివద్ద కూలిపని చేయువారిని గూర్చిన ప్రదర్శనమునకు ఆమె యొక గోడపత్రిక గీచెను. అందలి స్త్రీ ముఖమున గల అలసటను చక్రవర్తి భార్య ఓర్వలేకపోయెను. దానిని తొలగించినగాని రానని పట్టుపట్టెను.

1914లో మహాయుద్ధము వచ్చెను. రెండవ కుమారుడు పీటర్ స్వచ్ఛందముగా సైన్యమున చేరగోరెను. మైనరు గనుక తండ్రి అనుమతి కావలెను. తండ్రి వలదనెను. తల్లియే కొడుకు పక్షమున బ్రతిమాలి భర్తను ఒప్పించెను. ఆ అక్టోబరులోనే పీటర్ బెల్జియమున హతుడయ్యెను. అప్పటికి వాని వయస్సు 18 ఏండ్లు. పుత్రశోకమునకు, తానే పంపితినను వేదన తోడయ్యెను. ఆ వేదన ఆమెను యుద్ధవిరోధినిగా చేసెను. కొడుకును పూడ్చిన శ్మశానమున నిలుపుటకై ఆమె తలపెట్టిన తల్లిదండ్రుల శిల్పములు 1932లో గాని అచటికి చేరలేదు.

1919లో ప్రష్యా కళాపరిషత్తు ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొని ఆచార్య బిరుదమిచ్చెను. ఐనను ఆమె చూపు వీధివైపే యుండెను. వియన్నా పసిపిల్లలకై 1920లో, రష్యా కరవు బాధితులకై 1921లో, జర్మనీలోని ఆకలి బిడ్డలకై 1924లో ఆమె గోడపత్రికలు వెలువడెను. ఇక యుద్ధము వలదని చేయెత్తి ఎలుగెత్తు యువకుని బొమ్మయు 1924 నాటిదే. దానిని శాంతివాదులు రెండవ మహాయుద్ధానంతరము మరల మరల గోడల కెక్కించిరి.

ఆ దశకములోనే ఆమె యుద్ధమును గూర్చి ఏడు కొయ్య అచ్చు చిత్రములు మలచెను. మొదటి దాని పేరు ‘బలి’. ఒక తల్లి తన పసికందును చేతులతో పైకెత్తి అర్పించుచున్నది. జెండా లేదు, సైనికుని దుస్తు లేదు, దేశమును తెలుపు గురుతేదియు లేదు. అందుచేతనే ఆమె అడుగిడిన ప్రతి దేశమునను ఆ దేశపు తల్లియే అయ్యెను.

1931 ఫిబ్రవరిలో షాంఘైలో రౌ షీ అను యువరచయితను చైనా ప్రభుత్వము రహస్యముగా చంపించెను. ఆతని తల్లికి చూపు లేదు. కొడుకు బ్రతికియే యున్నాడని ఆమె నమ్ముచుండెను. మిత్రుడైన మహారచయిత లూషున్ నివాళి వ్రాయదలచెను గాని, వ్రాయుటకు వీలులేని రోజులవి. ఆ సెప్టెంబరున వెలువడిన ఒక క్రొత్త పత్రికలో ఆయన ‘బలి’ చిత్రమును అచ్చు వేయించెను. దాని అంతరార్థము ఆయన యొక్కని హృదయమునకే తెలియును. ఆ యేడే ఆయన యువచిత్రకారులకు కొయ్యచెక్కుడు నేర్పించు తరగతిని ఏర్పరచెను. 1936లో ఆమె చిత్రములు 21 చేర్చి, 103 ప్రతులుగా గ్రంథమును ప్రకటించెను. దానికి పీఠిక వ్రాసిన అమెరికను రచయిత్రి ఆగ్నెస్ స్మెడ్లీ, బెర్లిన్‌లో కొన్నేండ్లు సరోజినీనాయుడు సోదరుడును హైదరాబాదున పుట్టినవాడునగు వీరేంద్రనాథ చట్టోపాధ్యాయునితో జీవించినది. ఆ బాటన నడచిన చైనా యువకులు తమ రైతుల బ్రతుకును, జపాను దండయాత్రను కొయ్యపై మలచిరి. మన దేశమున, 1946లో వంగ రైతుల తెభాగా ఉద్యమమును చిత్రించిన సోమనాథ్ హోర్‌పైనను ఆమె ప్రభావము కలదు.

స్వదేశమున జరిగినది వేరు. నాజీలు అధికారమునకు వచ్చిన 1933లో, వారిని అడ్డుటకు వామపక్షములు ఏకము కావలెనను విజ్ఞప్తిపై సంతకము చేసినందుకు ఆమెను కళాపరిషత్తునుండి వెడలిపోవునట్లు చేసిరి. ఆమె చిత్రములను ప్రదర్శనశాలలనుండి తొలగించిరి. 1936లో రహస్య పోలీసులు ఇంటికి వచ్చి బెదరించిరి. ఐనను ఆమె గీచిన తల్లీబిడ్డల బొమ్మనొకదానిని ఆ నాజీలే తమ ప్రచారమునకు వాడుకొనిరి. చిత్రకారిణి నోరు నొక్కి, చిత్రముచేత తమ మాట పలికించిరి.

1940లో భర్త మరణించెను. 1942లో మనుమడు, పేరు పీటరే, రష్యా రణరంగమున కూలెను. ఆ రోజులలో ఆమె గీచిన చివరి శిలాముద్రణ చిత్రమున ఒక వృద్ధమాత తన చేతుల క్రింద పిల్లలను కప్పుకొని కదలనీయక నిలిచియుండును. ఈ తల్లి బిడ్డను అర్పించుట లేదు. 1943లో బాంబుల వలన ఇల్లు నాశనమయ్యెను. 1945 ఏప్రిల్ 22వ తేదీన, యుద్ధము ముగియుటకు కొలది దినములు ముందు, డ్రెస్డెన్ సమీపమున మోరిట్స్‌బర్గ్‌లో ఆమె కన్నుమూసెను.

మృతుడైన కుమారుని ఒడిలో నుంచుకొన్న తల్లిని ఆమె చిన్న శిల్పముగా మలచియుండెను. ఏకమైన జర్మనీ 1993లో దానిని పెద్దదిగా చేయించి, యుద్ధమునకును నిరంకుశత్వమునకును బలియైనవారి స్మారకముగా బెర్లిన్‌లో నిలిపెను. చంపినవారిని, చచ్చినవారిని ఒకే గాట కట్టినట్లైనదని అప్పుడు విమర్శలు చెలరేగెను.

లూషున్ చేతిలో ఆ తల్లి, చెప్పరాని ఒక మరణమునకు సాక్షి యయ్యెను. నాజీల చేతిలో అట్టి తల్లియే ప్రచార సాధన మయ్యెను. కావున విద్యార్థులు ఇట్టి బొమ్మను చూచినప్పుడు దానిని ఎవరు గీచిరను ప్రశ్నతో ఆగరాదు. ఎవరు, ఎవరి దుఃఖమునకై దానిని తెచ్చి అచట నిలిపిరో కూడ అడుగవలెను.