దేవకీనందన ఖత్రి: కథలచే భాషకు చదువరులను గూర్చిన మహాశయుడు

భాషాభివృద్ధికి పాటుపడినవారనగా మనకు సామాన్యముగ వైయాకరణులును, నిఘంటుకర్తలును, మహాకవులును, సభలు స్థాపించినవారును జ్ఞప్తికి వత్తురు. వారి సేవ కొనియాడదగినదే. కాని గ్రంథములెన్ని వెలువడినను చదువువారు లేనిచో అవి బీరువాలలో చెదపురుగులకు ఆహారము కావలసినదే గదా! చదువరులను పుట్టించుట యనునది వేరొక సేవ. ఆ సేవ చేసినవారికి పండితసభలలో పెద్దపీట లభించుట అరుదు. హిందీభాషకు అట్టి సేవ యొనర్చిన దేవకీనందన ఖత్రి జీవితము ఆంధ్రపాఠకులు తెలిసికొనదగినది. ఈయన రచించిన ‘చంద్రకాంత’, ‘చంద్రకాంతా సంతతి’ అను కథామాలికను చదువవలెనను కోరికచేతనే, ఉర్దూ మాత్రమే నేర్చిన వేలకొలది జనులు నాగరీలిపి నేర్చుకొనిరని ఉత్తరదేశమున సుప్రసిద్ధము. ఏ ప్రభుత్వపు ఉత్తరువును చేయజాలని పనిని ఒక కథ చేసినది.

ఖత్రి పూర్వులు పంజాబు దేశీయులు. మహారాజా రణజిత్ సింగు 1839లో కీర్తిశేషుడైన పిదప ఆ రాజ్యమున అల్లకల్లోలములు చెలరేగగా ఈ కుటుంబము స్వస్థలము విడిచి కాశీనగరమున స్థిరపడెను. తండ్రి పేరు లాలా ఈశ్వరదాసు. తల్లి బీహారులో ముజఫరుపురము ప్రాంతమునందలి పూసా గ్రామమునకు చెందిన సంపన్న గృహస్థుని కుమార్తె. ఆ మాతామహుని యింటనే 1861వ సంవత్సరము జూను మాసమున దేవకీనందనుడు జన్మించెను. ఆనాటి మర్యాదననుసరించి ఆయనకు మొదట నేర్పబడినవి ఉర్దూ పారశీకములు. హిందీ సంస్కృతములను, కొంత ఆంగ్లమును తరువాత కాశీలో నేర్చుకొనెను. ఈ విషయము చిన్నదిగ కన్పట్టవచ్చును గాని ఆయన జీవితకార్యమునకు ఇదియే పునాది. ఉర్దూ పాఠకుని అభిరుచి యెట్టిదో, అతనికి దేనియందు మనసు నిలుచునో ఆయనకు ఒకరు చెప్పవలసిన పనిలేకపోయెను. తానును మొదట అట్టి పాఠకుడే గదా.

విద్య ముగిసిన పిదప కొంతకాలము గయా ప్రాంతమునందలి టికారీ సంస్థానమున వ్యవహారములు నడపి, మరల కాశీ చేరెను. కాశీ మహారాజు ఈశ్వరీప్రసాద నారాయణ సింగు వారి యనుగ్రహమున చకియా, నౌగఢ్ అడవుల గుత్త ఆయనకు లభించెను. గుత్తేదారుడు సామాన్యముగ అడవిలో కలపను, తేనెను, లక్కను చూచును. ఈయన వానితోపాటు వేరొకదానిని కూడ చూచెను. ఆ కొండలలో పాడుపడిన కోటలు, పూడిపోయిన నూతులు, మెట్లబావులు, గుహలు, సెలయేళ్లు పెక్కులు కలవు. శిథిలమైన బురుజులపై కూర్చుండి, ఒకప్పుడిచ్చట ఏ రాజులు ఏలిరో, ఈ నేలమాళిగలలో ఏమి దాచిరోయని ఊహించుచు ఆయన దినములు గడిపెను. కొంతకాలమునకు గుత్త చేజారెను. జీవనోపాధి పోయినది గాని ఆ దృశ్యములు మనసునుండి పోలేదు. అవియే కథలైనవి.

అప్పటి హిందీభాషాస్థితిని పాఠకులు గమనింపవలెను. కచ్చేరీలలో దస్తావేజులు, దరఖాస్తులు పారశీకలిపిలో నుండెడివి. ఉద్యోగము కోరువాడు ఉర్దూ నేర్వక తప్పదు. హిందీ గద్యమునకు జీవము పోసిన భారతేందు హరిశ్చంద్రుడు 1885లో చిన్నవయసుననే కాలధర్మము నొందెను. లాలా శ్రీనివాసదాసు 1882లో ‘పరీక్షాగురు’ అను నవలను ప్రకటించెను గాని అట్టివి వ్రేళ్లమీద లెక్కింపదగినవి. ఉర్దూలోనన్ననో కథలకు కొదువలేదు. లక్నో నగరమునందలి నవల్ కిశోర్ ముద్రాలయమువారు 1883 మొదలుకొని అమీర్ హమ్జా కథాచక్రమును సంపుటములు సంపుటములుగ అచ్చొత్తించుచుండిరి. తుదకవి 46 సంపుటములైనవి. ఐయారుల చాతుర్యము, తిలిస్మ్ అను మాయాకోటలు ఆ కథలకు ప్రాణము. జనులు వానికై చెవికోసికొనుచుండిరి. హిందీలో అట్టిది ఒక్కటియు లేదు.

ఆ కొరతను ఖత్రి గుర్తించెను. 1888లో ‘చంద్రకాంత’ కాశీలో అచ్చుపడ నారంభించి నాలుగు భాగములుగ వెలువడెను. విజయగఢ్ రాజకుమార్తె చంద్రకాంతయు, నౌగఢ్ రాజకుమారుడు వీరేంద్రసింహుడును పరస్పరానురాగబద్ధులు, పెద్దలకు వైరము. విజయగఢ్ మంత్రి కుమారుడు క్రూరసింహుడు ఆమెను కోరి కుట్రలు పన్ని, చునారు రాజగు శివదత్తుని ఆశ్రయించును. ఇరుపక్షములవారికిని ఐయారులు కలరు. ఐయారు అనగా వేషము మార్చుటలో, జాడ పట్టుటలో, శత్రువును మూర్ఛిల్లజేసి మూటగట్టి తెచ్చుటలో ఆరితేరిన రాజసేవకుడు. అతని సంచిలో మూర్ఛ పుట్టించు చూర్ణమును, దానిని పోగొట్టు లఖ్‌లఖా అను సుగంధద్రవ్యమును ఎల్లవేళల నుండును. వీరేంద్రుని ఐయారగు తేజసింహుడు కథానాయకునికంటెను పాఠకులకు ఇష్టుడయ్యెను. తుదకు తిలిస్మ్‌ను భేదించి రాకుమారుడు చంద్రకాంతను చెరవిడిపించును.

ఈ నౌగఢ్, విజయగఢ్, చునారుకోటలు కల్పితములు కావు. కాశీ, మీరజాపురముల దక్షిణమున కండ్లారా చూడదగిన స్థలములే. పారశీక కథలలోని ఏ దూరదేశపు నగరమో గాక తమ యింటిదరి కొండయే కథకు రంగస్థలమగుట పాఠకులకెంతయో ఆహ్లాదమును కలిగించెను. మరియొక విశేషము కలదు. ఉర్దూ దాస్తానులలో మంత్రతంత్రములు, భూతప్రేతములు విచ్చలవిడిగ నుండును. ఖత్రి తిలిస్మ్‌లో మంత్రములు లేవు. అందలి తలుపులు యంత్రబలమున తెరచుకొనును. శిలాప్రతిమలు కీలుబొమ్మలవలె కదలును. ఏ వింతకైనను వెనుక ఏదో కారణము చెప్పబడును. ఐయారులకు ఒక ధర్మము కూడ కలదు. పట్టుబడిన ఐయారును చెరలో నుంచుటయే గాని చంపరాదు. ఇట్లు ఆయన పాతసరకునే తెచ్చినను దానికి స్వదేశపు నేలను, హేతుబుద్ధిని, ధర్మనియమమును సమకూర్చెను.

‘చంద్రకాంత’కు లభించిన ఆదరమును చూచి, వీరేంద్రసింహుని కుమారులగు ఇంద్రజిత్తు, ఆనందసింహుల కథను ‘చంద్రకాంతా సంతతి’ యను పేర 24 భాగములుగ ఆయన వ్రాసెను. 19వ శతాబ్ది చివర ఆరంభమైన ఈ గ్రంథము 20వ శతాబ్ది తొలి యేండ్లలో ముగిసెను. ఒక్కొక్క భాగము చిక్కుముడి విప్పుచు రెండు కొత్త ముడులు వేయుచు సాగును. తరువాతి భాగము వెలువడువరకు పాఠకులకు నిద్రపట్టని స్థితి. ఒకరు కొన్న పుస్తకము పదిమంది చేతులు మారెడిది. చదువురానివారు చదువువచ్చినవాని చుట్టుజేరి వినెడివారు. విన్నవాడు అంతటితో తృప్తిచెందక, తానే చదువగలిగిన బాగుండునని అక్షరములు దిద్దుకొనెడివాడు. కథను ప్రేమించినవాడు ఆ ప్రేమను పొరుగువానితో పంచుకొనక మానడు. ఆ పంచుకొనుటయే ఈ గ్రంథములకు ప్రకటన. అదియే నాగరీలిపికి పాఠశాల.

పాఠకులను గూర్చుటతో ఆయన తనివినొందలేదు. వారిని క్రమముగ పైకి నడిపించెను. ‘చంద్రకాంత’ తొలి పుటలలోని భాష హిందువులకు ముసల్మానులకు కూడ నిత్యవ్యవహారమునందున్న సులభభాష. ఉర్దూ పదములందు ధారాళముగ గలవు. ‘సంతతి’ తుదిభాగములకు వచ్చుసరికి హిందీ సంస్కృత పదములు మెల్లమెల్లగ పెరిగినవి. ఇది యాదృచ్ఛికముగ జరిగినది కాదనియు, చదువరి జంకకుండ మెట్టుమెట్టుగ నెక్కుటకై బుద్ధిపూర్వకముగ చేసినదనియు ఆయనయే గ్రంథాంతమున చెప్పుకొనెను. తొలిదినముననే కఠినపదములు గుప్పించియున్నచో ఆ పాఠకుడు పుస్తకము మూసి మరల ఉర్దూ దాస్తానునే తెరచియుండును. బోధకులకును రచయితలకును ఇంతకుమించిన పాఠము వేరొకటి కలదా?

1898లో ఆయన కాశీలో లహరీ ముద్రాలయమును స్థాపించెను. ఏ జమీందారుని దయనో కనిపెట్టుకొనక, తన పాఠకులిచ్చు వెలచేతనే జీవింపగలిగిన తొలి హిందీ రచయితలలో ఆయన యొకడు. 1900లో పండిత మాధవప్రసాద మిశ్రుని సంపాదకత్వమున ‘సుదర్శన’ మాసపత్రికను కూడ నడపెను. ఆ సంవత్సరముననే వాయవ్యపరగణాల లెఫ్టినెంటు గవర్నరు కచ్చేరీలలో నాగరీలిపిని కూడ అనుమతించుచు ఉత్తరువు చేసెను. 1893లో పుట్టిన కాశీ నాగరీ ప్రచారిణీ సభవారును, పండిత మదనమోహన మాలవీయుడును దానికై యెంతయో శ్రమించిరి. వారి కృషి ప్రశంసనీయము. కాని దొరతనమువారి వాకిట నాగరికి తావు దొరకుటకు పండ్రెండేండ్లు ముందుగనే జనుల యిండ్లలో దానికి తావు కల్పించినవాడు ఖత్రి యని మరువరాదు.

విమర్శకులాయనను విడువలేదు. ఇందు జీవితచిత్రణము లేదనియు, పాత్రలు కీలుబొమ్మలనియు, మూర్ఛలును మారువేషములును మాటిమాటికి వచ్చి విసుగు గొల్పుననియు ఆక్షేపించిరి. ఈ ఆక్షేపణములు నిరాధారములు కావు. ఆచార్య రామచంద్ర శుక్లుడు 1929లో వెలువడిన తన హిందీసాహిత్య చరిత్రలో, ఇవి సంఘటనల వైచిత్ర్యమునకై వ్రాయబడిన కథలేగాని ఉత్తమ సాహిత్యకోటిలో చేరదగినవి కావని తీర్పు చెప్పెను. అయినను ఆ న్యాయశీలుడే, హిందీకి ఇంతమంది పాఠకులను సృజించిన గ్రంథకర్త మరియొకడు లేడనియు, ఇవి చదివిన యువకులు తరువాత ఇతరగ్రంథములను కూడ చదివిరనియు, కొందరు స్వయముగ రచయితలైరనియు అంగీకరించెను. దోషములెన్నుచునే ఋణమును ఒప్పుకొనిన ఆ తీర్పు విమర్శకులకు ఆదర్శప్రాయము.

ఖత్రి కడపటి రచన ‘భూతనాథుడు’. ‘సంతతి’లో చెడ్డవాడో మంచివాడో తేల్చుకొనజాలని విచిత్రచరిత్రుడగు ఐయారు అతడు. గతమున చేసిన పాపములు వెంటాడుచుండ పరువు నిలుపుకొనుటకై పెనుగులాడు ఆ పాత్ర, ఖత్రి సృష్టించినవారిలో నిజమైన మనుష్యుడు. ఆ గ్రంథము ఆరు భాగములు వ్రాసి 1913వ సంవత్సరము ఆగష్టు 1వ తేదీన, 52 ఏండ్ల ప్రాయమున, ఆయన పరమపదించెను. కుమారుడు దుర్గాప్రసాద ఖత్రి మిగిలిన భాగములు వ్రాసి తండ్రి కార్యమును పూర్తిచేసెను. 1994లో దూరదర్శనులో ‘చంద్రకాంత’ ధారావాహికగ ప్రదర్శింపబడినప్పుడు హిందీరాని తెలుగు కుటుంబములు సైతము ఆదివారమున దానికై వేచియుండుట పలువురకు జ్ఞాపకముండును. ఆ ధారావాహికలో మూలకథ మిగుల మార్పుచెందినను, నూరేండ్ల పిదప ఆ పేరొక్కటియే జనులను ఆకర్షించినది.

ఇక మన సంగతి. ఆంధ్రదేశమునందును ఇట్టి సేవ జరుగకపోలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ 1880లో పుస్తకరూపము దాల్చి మన నవలకు దారిచూపినది. 1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికా మండలివారు శాస్త్రచరిత్రగ్రంథములతోపాటు చారిత్రక నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చిరి. వీనియన్నింటికన్నను ఖత్రి మార్గమునకు చేరువైనది మధిర సుబ్బన్నదీక్షిత కవిగారి ‘కాశీమజిలీ కథలు’. కాశికేగు యతి తనవెంట వచ్చు గోపబాలునకు మజిలీకొక కథగ చెప్పిన ఆ పండ్రెండు భాగములు తెలుగువారి లోగిళ్లలో ఎన్ని చేతులు మారినవో, ఎందరు తాతలు మనుమలచేత చదివించుకొని వినిరో లెక్కపెట్టగలవారెవ్వరు? ఒకటవ భాగమునకై గ్రంథాలయమునకు పోయినవాడు పండ్రెండవ భాగము ముగియువరకు ఆ గడప విడువలేదు. 1914లో బెజవాడ సభతో సంఘరూపము దాల్చిన మన గ్రంథాలయోద్యమమునకు ఇట్టి పాఠకులే బలము.

నేడు మన బిడ్డలు పెక్కుమంది ఆంగ్లమాధ్యమమున చదువుచు, తెలుగు అక్షరములు కూడబలుకుకొనుచున్నారు. భాష క్షీణించుచున్నదని సభలలో ఉపన్యసించుటయు, ప్రభుత్వము ఉత్తరువులు చేయవలెనని అర్జీలిచ్చుటయు జరుగుచునే యున్నవి. అవియు కావలసినవే. కాని చదువుమని శాసించినందువలన చదువు రుచింపదు. తాను చిన్ననాట ఏ కథామాలికకు అన్నము మరచి కూర్చుండెనో దానిని ప్రతి పెద్దయు ఒక బాలునితో చెప్పవలెను. మొదటి భాగము చేతికీయవలెను. రెండవది అతడే వెదకికొనును. గ్రంథాలయాధికారులు ఉత్తమగ్రంథములు కానివానిని చిన్నచూపు చూడక, చదువరి తొలిమెట్టుగ వానికి తావీయవలెను. రచయితలు మొదటి పుట తేలికగను, కడపటి పుట ఉన్నతముగను వ్రాయు విద్యను ఖత్రి వద్ద నేర్వవలెను. చదువరులున్న భాషకు చావులేదు. ఆ చదువరులను కథయే పిలిచి తెచ్చునని ఈ మహాశయుని జీవితము మనకు బోధించుచున్నది.